గూడ్సుబండిని చూస్తే తప్పా?

మొన్న సంక్రాంతికి మా ఆడపడుచు వచ్చింది. భోజనాలయ్యాక మనవరాలి పుట్టినరోజు ఫొటోలు చూస్తానని నా సెల్‌ఫోను అడిగి పుచ్చుకుని గదిలోకి వెళ్ళింది. రెండు నిమిషాలు గడిచాయో లేదో, గదిలోంచి ఒక్క కేక!

"వదినా! ఇదేమిటి? నీ ఫోను నిండా గూడ్సుబండ్లే!"

అబద్ధం చెప్పి లాభం లేదు. మనవరాలి ఫొటోలు పదమూడుంటే గూడ్సుబండ్ల వీడియోలు రెండు వందల ఆరున్నాయి. దొంగ దొరికిపోయింది. ఆ సాయంత్రం కాఫీల దగ్గర నా మీద విచారణ జరిగింది. మావారు నిర్మొహమాటంగా సాక్ష్యం చెప్పారు. "రోజూ సాయంత్రం డాబా మీదికి వెళ్ళి అరగంట దాకా రాదు. ఆరేసిన బట్టలు తియ్యడానికి అరగంటెందుకా అనుకునేవాణ్ణి" అన్నారు. ఆడపడుచు తీర్పిచ్చేసింది. "పోనీ వందే భారత్‌ని తీసినా ఓ అందం చందం! ఆ ఇనప్పెట్టెలూ బస్తాలూ ఏం చూస్తావు వదినా? అయినా ఈ వయసులో, ఆడదానివి, ఇదేం సరదా?"

నా తరఫున మాట్లాడే వకీలు ఆ ఇంట్లో ఒక్కరూ లేరు. అంచేత ఇక్కడ, మీ ముందు అప్పీలు చేసుకుంటున్నాను. విని మీరే చెప్పండి.

మేముండేది హైదరాబాదులో సనత్‌నగర్ వైపు. ఒకప్పుడు మనలో చాలామంది వంటింట్లో గుర్రుమంటూ నిలబడ్డ ఆల్విన్ ఫ్రిజ్‌కి పుట్టిల్లు ఈ పేటే. ఆ ఫ్యాక్టరీ పోయింది గాని, పేటకి పనివాళ్ళ పేట అన్న వాసన ఇంకా పోలేదు. మా భవనం డాబా మీద ఉత్తరం గోడ దగ్గర నిలబడితే దూరంగా రైలు పట్టాలు, గిడ్డంగులు, వరసగా ఆగిన లారీలు కనిపిస్తాయి. అక్కడికి బియ్యమో, సిమెంటో, ఎరువో వేసుకుని గూడ్సు వస్తుంది. వచ్చి ఊరికే ఆగిపోదు. అసలు కథ అప్పుడే మొదలవుతుంది.

గిడ్డంగి పక్కనున్న పట్టా పొట్టిది. వచ్చిన బండి పొడుగుది. బస్తాలు తెచ్చే మూతపెట్టెల బండి అయితే నలభై రెండు వ్యాగన్లు ఉండొచ్చు. అంత పొడుగు బండి ఆ పొట్టి పట్టాలో ఎక్కడ ఇముడుతుంది? అందుకని దాన్ని మధ్యకి విడగొడతారు. మన పెళ్ళిళ్ళలో పంక్తి సరిపోక సగంమందిని ముందు కూర్చోబెట్టి మిగిలినవాళ్ళని రెండో పంక్తికి ఆపుతామే, అచ్చం అలాగే. ఇంజను సగం బండిని ఒకవైపు వదిలి, మిగతా సగాన్ని వెనక్కి నెట్టుకుంటూ గిడ్డంగి పక్కకి చేరుస్తుంది. దీన్నే షంటింగంటారు.

ఇదంతా నడిపించేది ఒక మనిషి చేతిలోని జెండా. ఆకుపచ్చ జెండాని మెల్లిగా పైకీ కిందికీ ఆడిస్తే, డ్రైవరుకి 'నాకు దూరంగా వెళ్ళు' అని అర్థం. అడ్డంగా ఇటూ అటూ ఆడిస్తే 'నా వైపు రా' అని. ఎర్రది చూపిస్తే ఉన్నచోట ఆగాలి. వేల టన్నుల ఇనుమూ సరుకూ ఆ గుడ్డముక్క మాట వింటుంది. మా ఇంట్లో నా మాట ఎవరైనా అలా వింటే నాకు డాబా మీదికి వెళ్ళే అవసరమే ఉండేది కాదు.

ఇంజను కదలగానే వ్యాగన్ల మధ్యనున్న కాస్తపాటి వదులు ఒక్కొక్కటిగా బిగుసుకుంటూ పోతుంది. ధన్, ధన్, ధన్ అంటూ ఆ చప్పుడు ఈ కొస నుంచి ఆ కొసకి పరిగెడుతుంది. ఒక వ్యాగనుని విడదీసేవాడు పక్కనే నిలబడి పిడి ఎత్తుతాడు. గాలి గొట్టాలు ఊడదీస్తే బుస్సుమని ఊపిరి వదిలినట్టు వినిపిస్తుంది. ఆగిన వ్యాగన్లు దొర్లిపోకుండా చేతి బ్రేకులు బిగిస్తారు, చక్రాల కింద అడ్డుకట్టెలు పెడతారు. తరువాత తలుపులు తెరుచుకుంటాయి. అంతదాకా గోడ నీడన బీడీలు కాల్చుకుంటున్న హమాలీలు తలపాగాలు బిగించుకుని లేస్తారు. ఇన్ని గంటల్లో దింపాలని గడువు. గడువు దాటితే సరుకుదారు డెమరేజీ కట్టాలి. ఇక చూడాలి ఆ పరుగు!

ఇందులో చూడ్డానికేముంది అంటారా? నేనో చిన్న లెక్క చెప్తాను. అలాంటి బియ్యం బండి ఒకటి రమారమి రెండువేల ఆరువందల టన్నులు తెస్తుంది. యాభై కిలోల బస్తాలైతే యాభై రెండు వేలు. నెలకి పాతిక కిలోలు వండుకునే ఇళ్ళనుకుంటే లక్ష ఇళ్ళకి ఒక నెల గ్రాసం! అన్ని బస్తాలూ మనుషుల వీపుల మీదే దిగుతాయి. మనం కుక్కరు మూతపెట్టి "ఈ బియ్యం ముద్దవుతోంది, కొట్టువాణ్ణి మార్చాలి" అనుకుంటాం చూశారూ, ఆ గింజ కొట్టులో పుట్టలేదు. టీవీలో రోజూ కోడలికి విషం కలిపే అత్తగారిని అరగంట చూస్తే కాలక్షేపం, మన అన్నం ఊళ్ళోకి ఎలా వస్తుందో అరగంట చూస్తే పిచ్చీనా? ఇదెక్కడి న్యాయం?

రెండో అభియోగం అందం లేదని. రైలనగానే మనకి కిటికీ, జంతికల డబ్బా, పిల్లల గోల గుర్తొస్తాయి. బొంబాయి నుంచి ఠాణాకి మొట్టమొదటి ప్రయాణికుల బండి 1853 ఏప్రిల్ 16న నడిచిందని స్కూల్లో బట్టీ పట్టాం. కాని ఈ దేశంలో రైలుపట్టా మొదట మోసింది మనుషుల్ని కాదు, రాళ్ళని. మద్రాసు దగ్గర రెడ్‌హిల్స్‌లో 1837లోనే రోడ్లకి రాయి మోసే రైలుండేది. మన ధవళేశ్వరంలో కాటన్ దొరగారి ఆనకట్టకి రాయి మోయడానికి 1845లో పట్టాలు వేశారు. అంటే గోదావరి జిల్లాల పచ్చదనం వెనకాల ఒక గూడ్సుబండి ఉందన్నమాట! మా ఆడపడుచు అత్తవారికి కోనసీమలో కొబ్బరితోట ఉంది. ఆవిడైనా ఈ బండికి ఓ నమస్కారం పెట్టాలి.

ఇంకో సంగతి. 2023-24లో మన రైల్వేలు మోసిన సరుకు సుమారు నూట యాభై తొమ్మిది కోట్ల టన్నులు. ఆ ఏడు మొత్తం రాబడి సుమారు 2.56 లక్షల కోట్ల రూపాయలైతే అందులో 1.68 లక్షల కోట్లు సరుకుల మీద వచ్చిందే. అంటే మూడింట రెండు వంతులు. మనం కొనే టిక్కెట్టు మనని మోసే ఖర్చుకి చాలదు. ఆ లోటు పూడ్చేది ఈ మసి బండే. అయినా ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే ఇది పక్క పట్టాలోకి తప్పుకుని గంటల తరబడి నిలబడాలి. ముస్తాబైన చిన్నకోడలు హాల్లో అతిథులతో నవ్వుతూ ఉంటే, ఇల్లు నడిపే పెద్దకోడలు వంటింటి గుమ్మం దగ్గర చెయ్యి తుడుచుకుంటూ నిలబడినట్టు. ఫొటో తియ్యాల్సొస్తే అందరూ చిన్నకోడల్నే తీస్తారు. నేను పెద్దకోడల్ని తీశాను. నేనూ పెద్దకోడల్నే. మరెవరు తీస్తారు?

ఇక మూడో అభియోగం. నాకు నిజంగా ఒళ్ళు మండింది దీనికే. 'ఆడదానివి' అన్నమాట.

మా వీధి మొదట్లో పాన్‌డబ్బా ఉంది. పొద్దున పదింటి నుంచి రాత్రి పదింటి దాకా అక్కడ పదిమంది మగాళ్ళు నిలబడి వచ్చేపోయే లోకాన్ని పరిశీలిస్తుంటారు. ఎవరూ వాళ్ళని "ఏం చూస్తున్నారు?" అని అడగరు. నేను నా డాబా మీద, నా ఇంటి గోడ పట్టుకుని నిలబడితే మా అపార్టుమెంటు సంఘం కార్యదర్శిగారు పైకొచ్చి, "ఏం తీస్తున్నారు మేడం? ఏమీ అనుకోకండి, చుట్టుపక్కలవాళ్ళు అడుగుతున్నారు" అన్నారు. ఆడది ఒకచోట ఊరికే నిలబడి దేన్నో చూస్తోందంటే లోకానికి ఊపిరాడదు. చేతిలో ఓ బిందో, గంపో, చంటిబిడ్డో ఉండాలి. అంచేతే నేనూ ఇన్నాళ్ళూ బట్టల వంక పెట్టుకున్నాను. యాభై ఎనిమిదేళ్ళొచ్చినా, నాకు నచ్చినది చూడ్డానికి ఆరేసిన పంచెల సాయం కావాల్సొచ్చింది!

ఈ వంక నాకు కొత్త కాదు. మా నాన్నగారు తాడేపల్లిగూడెం గూడ్సు షెడ్డులో గుమాస్తాగా చేశారు. మా ఇంటి పెరట్లోంచి షంటింగు చప్పుడు వినిపించేది. అప్పట్లో నాలుగు చక్రాల చిన్న వ్యాగన్లుండేవి. ఒక్కొక్క వర్తకుడు ఒక్కొక్క వ్యాగను మాట్లాడుకునేవాడు. ఇంజను దొరక్కపోతే హమాలీలే గునపం లాంటి ఇనపబారు చక్రం కింద దూర్చి తొక్కి, ఖాళీ వ్యాగనుని అంగుళం అంగుళం జరిపేవారట. 'అట' అంటున్నాను చూశారూ! ఎందుకంటే నేను చూడలేదు. మధ్యాహ్నం నాన్నగారికి క్యారియరు పట్టుకెళ్ళే పని మా తమ్ముడిది. వాడికి ఎనిమిదేళ్ళు. నాకు పన్నెండు. నేను వెళ్తానంటే మా అమ్మ, "అక్కడంతా మగాళ్ళూ హమాలీలూనూ, ఆడపిల్లవి నీకేం పని?" అనేది. వాడొచ్చి అన్నీ చెప్పేవాడు. నాన్న సుద్దముక్కతో వ్యాగను తలుపు మీద ఊరి పేరు రాస్తారనీ, సీలు వేశాక రెండుసార్లు లాగి చూస్తారనీ. నాన్నగారు పోయాక ఇల్లంతా వెతికితే ఆయన ఉద్యోగానికి గుర్తుగా ఒక్క ఫొటో దొరికింది. పదవీ విరమణ నాడు మెడలో దండతో, కుర్చీలో, ఎవరో పరాయి మనిషిలా ఉన్నారు. చేతిలో సుద్దముక్క లేదు. వెనక వ్యాగను లేదు.

"చూస్తే చాలదా, తియ్యడం కూడా ఎందుకూ?" అని అడిగేవాళ్ళకి ఇదే నా జవాబు. మన ఇళ్ళలో పెళ్ళి వీడియోలు ఎన్నెన్ని గంటలు తీయించలేదు? ఎవరైనా రెండోసారి చూశారా? ఆ నాలుగు చక్రాల వ్యాగను దగ్గర మా నాన్నగారు నిలబడ్డ రెండు నిమిషాల బొమ్మ ఎవరైనా ఇస్తామంటే నా పెళ్ళి ఆల్బం మొత్తం ఇచ్చేస్తాను. మావారేం అనుకోరు, ఆయన జుట్టు ఆ ఆల్బంలో తప్ప ఎక్కడా మిగల్లేదు కాబట్టి కాస్త బాధపడతారేమో.

ఆ షంటింగు కూడా రోజురోజుకీ అరుదైపోతోంది. 1980ల నుంచి రైల్వేవారు ఒక్కో వ్యాగనుగా సరుకు పుచ్చుకోవడం తగ్గించి, బండికి బండి ఒకే చోటు నుంచి ఒకే చోటికి నడపడానికి మొగ్గారు. ఖర్చూ కాలమూ కలిసొచ్చాయి, కాదనను. కాని దాంతో వ్యాగన్లు విడదీసి పేర్చే పెద్ద యార్డులు చాలా మూతపడ్డాయి. ఊళ్ళ మధ్యనున్న మిల్లులకీ ఫ్యాక్టరీలకీ పోయే చిన్న చిన్న పట్టాలు ముళ్ళకంపల్లో కలిసిపోయాయి. ఇవాళ మనం చూస్తున్నది ఆఖరి ముక్క. అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఫోనులో చెప్పాడు. అక్కడ పెద్ద పెద్ద ఉద్యోగస్తులు కూడా సెలవురోజున మడత కుర్చీ, ఫ్లాస్కు పట్టుకుని పట్టాల దగ్గరికి పోయి, ఇంజను ఏ ఫ్యాక్టరీలోకి ఏ పెట్టెని నెడుతోందో సాయంత్రం దాకా తీస్తారట. వాళ్ళకి రైల్‌ఫ్యాన్స్ అని గౌరవంగా ఒక పేరుందట. "మరి నాకు?" అన్నాను. "నీకు వదినా-నీకేమైనా-పిచ్చా అని పేరు" అన్నాడు వెధవ.

అయితే నా తరఫువాళ్ళు చేసే తప్పుల్ని వెనకేసుకురాను. రీళ్ళ కోసమని వ్యాగనెక్కే కుర్రాళ్ళున్నారు. పైన తీగెలో పాతిక వేల వోల్టులుంటాయి. తీగెని తాకక్కర్లేదు, దగ్గరగా పోతే చాలు, ప్రాణం తీస్తుంది. షంటింగులో ఇంకో మోసం ఉంది. ఇంజను వెనక ఎక్కడో ఉండి తోస్తుంటుంది. ముందున్న వ్యాగను పిల్లిలా చప్పుడు లేకుండా వస్తుంది. పట్టా మీద నిలబడి సెల్ఫీ తీసుకునేవాడికి ఆ సంగతి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. పైగా రైల్వే స్థలంలోకి అనుమతి లేకుండా చొరబడితే 1989 రైల్వే చట్టం 147వ సెక్షను కింద ఆరు నెలల దాకా జైలో, వెయ్యి రూపాయల దాకా జరిమానానో, రెండూనో. అంచేత పిల్లలకి చెప్పండి: డాబా మీంచి చూడండి, వంతెన మీది కాలిబాట నుంచి చూడండి, గోడకివతల నుంచి చూడండి. లోపలికి వెళ్ళి తియ్యాలని ఉంటే అడిగి, అనుమతి దొరికితేనే వెళ్ళండి. చూడ్డానికి కళ్ళు చాలు, కాళ్ళు పట్టాల మీద పెట్టక్కర్లేదు.

ఇక మా సంఘం వారి అసలు పట్టు వేరే. "ఈ గూడ్సు గొడవంతా ఊరి బయటికి తోలెయ్యాలి" అని అర్జీ రాసి సంతకాలు పెట్టిస్తున్నారు. దుమ్ము నిజమే. సిమెంటు దిగినరోజు నేనూ వడియాలు ఎండబెట్టను. దగ్గున్న ముసలివాళ్ళకి అది నవ్వులాట కాదు. కాని దుమ్ముకి మందు దుమ్ము ఆపడం. పైకప్పు వెయ్యమనండి, ఎత్తుగా గోడ కట్టమనండి, నీళ్ళు చల్లమనండి, ముందు ఆ హమాలీల ముక్కులకి గుడ్డ ఇమ్మనండి. ఆ అర్జీ రాస్తే మొదటి సంతకం నాది. బండినే వెళ్ళగొడితే ఏమవుతుంది? మన బియ్యం మానేస్తామా? ఇరవై టన్నుల లారీల్లోకి ఎక్కిస్తే ఒక్క బండి సరుకు నూట ముప్ఫై లారీలు. షెడ్డు నుంచైనా లారీల్లోనే కదా పోతోంది అంటారు. పోతోంది. ఐదు కిలోమీటర్లు పోవడం వేరు, ఊరి బయట నుంచి యాభై కిలోమీటర్లు పిల్లల స్కూళ్ళ ముందు నుంచి రావడం వేరు. వంటిల్లు మసిగా ఉందని వీధి చివరికి మార్చుకుంటే, అన్నం గిన్నె మోసుకుంటూ రోజూ వీధిలో తిరగాల్సింది మనమే.

నిజానికి ఆ అర్జీలో దుమ్ముకంటే సిగ్గెక్కువ కనిపించింది నాకు. ఫ్లాటు అమ్మబోతే ఎదురుగా హమాలీలు కనిపిస్తే ధర తగ్గుతుందట! తిండి కావాలి, తెచ్చేవాడు కనిపించకూడదు.

నాతో డాబా మీదికి వచ్చే మనిషి ఒకత్తి ఉంది. మా మనవరాలు, పదకొండేళ్ళు. వ్యాగను మీద పదకొండు అంకెల నంబరుంటుంది. అందులో ఐదూ ఆరూ అంకెలు అది తయారైన ఏడు. ఈ కిటుకు చెప్పినప్పటి నుంచి ఫోనులో బొమ్మ పెద్దది చేసి వయసులు లెక్కేస్తుంది. "అమ్మమ్మా, ఇది నాకంటే రెండేళ్ళు పెద్దది. అక్కా అనాలా?" అంటుంది. మొన్న తిన్నగా అడిగింది, "ఆడవాళ్ళు ఇంజను నడపచ్చా?" అని. పక్కనే ఉన్న మా ఆడపడుచు "ఆడపిల్లకి రైళ్ళేమిటే" అనబోయింది. నేను అననివ్వలేదు. మహారాష్ట్రలో సురేఖా యాదవ్ 1989లో అసిస్టెంటు డ్రైవరుగా చేరిన సంగతి, 1998 నాటికి పూర్తిస్థాయి గూడ్సు డ్రైవరైన సంగతి, 2023లో ఆ వందే భారత్‌నే నడిపి 2025లో పదవీ విరమణ చేసిన సంగతి చెప్పాను. ముందు గూడ్సు, తరువాతే వందే భారత్! మా ఆడపడుచు కాఫీ గ్లాసు కింద పెట్టి, "అలాగా?" అంది. అంతే అంది. ఆవిడ దగ్గర అది చాలా ఎక్కువ.

ఆ పిల్ల రేపు డ్రైవరే అవుతుందో, డాక్టరే అవుతుందో, ఇంకేమవుతుందో నాకు తెలీదు. కాని మా అమ్మ నాతో అన్నమాట మాత్రం మా ఇంట్లో దానితో ఎవరూ అనడానికి వీల్లేదు. పన్నెండేళ్ళప్పుడు నేను చూడకుండా పోయింది అది పదకొండేళ్ళకే చూస్తోంది. నా అప్పీలు సారాంశం ఇంతే. తీర్పు మీరు తీరిగ్గా రాయండి.

అదిగో, ఇంజను కూత వినిపిస్తోంది. ఇవాళ వచ్చింది బియ్యం బండే, వడియాలకి భయం లేదు. నేను పైకి వెళ్తున్నాను. బట్టలు మావారు తీసుకొస్తారు.